వైజాగ్‌లో ఓపెన్ టాప్ కారు: ఉప్పుగాలికి, వానకి పాడవకుండా ఎలా చూసుకోవాలి

ఓపెన్ టాప్ కారు మీద మనసు పడ్డ వైజాగ్ వాళ్లు అడిగేవి ఎప్పుడూ ఒకే మూడు ప్రశ్నలు. సముద్రం పక్కన తుప్పు పట్టదా? వానొస్తే కారదా? ఈ ఎండల్లో టాప్ తీసి తిరిగేది ఎప్పుడు?

జవాబులు ముందే చెప్పేస్తాను. పట్టించుకోకపోతే తుప్పు పడుతుంది. కారుతుంది కూడా, కాకపోతే మీరనుకున్న చోట కాదు. టాప్ తీసి హాయిగా తిరిగేది నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. మిగతా నెలల్లో తెల్లవారుజామునో, పొద్దు వాలాకో. ఈ మూడూ సరేననుకుంటే ఇలాంటి కారుని ఈ ఊళ్లో నిక్షేపంగా ఉంచుకోవచ్చు.

ఒక్క సంగతి మాత్రం మొదట్లోనే బుర్రకెక్కించుకోండి. ఈ కార్ల టాప్ అంచుల్లోకి నీళ్లు చేరడం లోపం కాదు. అవి దిగిపోవడానికే కంపెనీ వాళ్లు లోపల కాలువలు, గొట్టాలు పెట్టారు. కారు పాడయ్యేది లోపలికొచ్చిన నీళ్లతో కాదు, బయటికి పోలేని నీళ్లతో. కింద చెప్పే పనుల్లో సగం ఆ నీళ్లకు దారి చూపించడమే.

ఏ కారు?

మన దేశంలో సెకండ్ హ్యాండ్‌లో కనిపించేవి మినీ కూపర్ కన్వర్టిబుల్, బీఎండబ్ల్యూ జెడ్4, మెర్సిడెస్ ఎస్ఎల్‌కే, పోర్షే బాక్‌స్టర్. ‘మియాటా దొరుకుతుందా’ అని అడిగేవాళ్లు బోలెడు మంది. మాజ్దా 1989లో మొదలుపెట్టిన ఆ ఎంఎక్స్-5ని ఇక్కడ అధికారికంగా ఎప్పుడూ అమ్మలేదు. వాడిన కారు బయటి దేశం నుంచి తెప్పించాలంటే అది మూడేళ్లకు మించి పాతది కాకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి, సుంకం తడిసి మోపెడవుతుంది. ఆ ఆశ వదిలేసుకోండి.

గోవాలో శాన్ మోటార్స్ వాళ్లు తయారుచేసిన శాన్ స్టార్మ్ అప్పుడప్పుడూ అమ్మకానికి వస్తుంది. చిన్న రెనో ఇంజిను, ఫైబర్ బాడీ. ‘ఫైబర్ కదండీ, సముద్రం ఏం చేస్తుంది’ అంటారు అమ్మేవాళ్లు. బాడీని ఏమీ చేయదు. కింద చాసిస్ మాత్రం ఇనుమే. చూడాల్సింది దాన్ని.

టాప్‌లు రెండు రకాలు. ఎస్ఎల్‌కేకి, 2009 నుంచి 2016 దాకా వచ్చిన జెడ్4కి మడతపడే గట్టి టాప్. మినీకి, బాక్‌స్టర్‌కి, 2018 తర్వాతి జెడ్4కి గుడ్డ టాప్. గట్టి టాప్ అయితే ధైర్యం అని అందరూ దానివైపే మొగ్గుతారు. నా ఓటు గుడ్డకి. గట్టి టాప్‌లో కీళ్లు, సెన్సర్లు, హైడ్రాలిక్ పైపులు ఎక్కువ. ఉప్పుగాలికి మొదట మొరాయించేవి అవే. గుడ్డ పాతబడితే గుడ్డ మార్చుకుంటే సరిపోతుంది.

కావలసినవి

- మున్సిపల్ కుళాయి నీళ్లు. సముద్రానికి దగ్గరి కాలనీల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. నాలుక మీద చుక్క వేసుకుంటే తెలిసిపోతుంది. ఆ నీళ్లతో కారు కడిగితే ఉప్పు మీద మళ్లీ ఉప్పు రుద్దినట్టే.
- రెండు బకెట్లు, మెత్తటి వెంట్రుకల బ్రష్షు, మైక్రోఫైబర్ గుడ్డలు
- కారు షాంపూ. గుడ్డ టాప్‌కి వాడే క్లీనరు, నీళ్లు పట్టకుండా చేసే స్ప్రే
- రబ్బరు బీడింగ్‌లకి, అంటే డోర్లు, అద్దాల అంచున ఉండే పట్టీలకి, సిలికాన్ గ్రీజు
- గడ్డి కోసే మెషీన్‌కి వాడే నైలాన్ తీగ, ఒక మీటరు
- టార్చి, టాల్కం పౌడరు, పాత న్యూస్‌పేపర్లు
- గాలి ఆడే గుడ్డ కవరు. ప్లాస్టిక్‌ది వద్దు.
- పంక్చరు కిట్, చిన్న ఎయిర్ కంప్రెసరు. ఈ కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు.

1. కొనేటప్పుడు కార్పెట్ ఎత్తి చూడండి

పెయింటు మెరుపు, ఇంజిను శబ్దం తర్వాత. ముందు రెండు సీట్ల కింద కార్పెట్‌లోకి వేళ్లు పోనిచ్చి, దాని కింద ఉండే స్పాంజిని గట్టిగా నొక్కండి. పైన పొడిగా ఉండి కింద తడి తగిలితే నీళ్లు ఎప్పటినుంచో నిలుస్తున్నట్టే. సీటు పట్టాల బోల్టులు చూడండి. మిగతా కారంతా మెరుస్తూ ఆ బోల్టులకి మాత్రం ఎర్రగా తుప్పుంటే ఆ కారు లోపల ఒకసారైనా నీళ్లు నిలిచి ఉండొచ్చు. చాలా కార్లలో సీటు కింద వైరింగ్ జాయింట్లుంటాయి. వాటి మీద పచ్చటి చిలుము కనిపిస్తే బేరం మానుకోవడమే మేలు.

తర్వాత లిఫ్ట్ మీదికి ఎక్కించమనండి. డోర్ల కింది బాడీ అంచు, వెనక చక్రాల లోపలి వంపులు, బ్రేకు పైపులు, డిక్కీ అడుగు. కొత్తగా నల్ల పెయింటు దట్టంగా పూసి ఉంటే దాన్ని రక్షణ అనుకోకండి, దాచిపెట్టడం అనుకోండి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు టంగుమంటుంది, పుచ్చిపోయింది మొద్దుగా పలుకుతుంది. బ్రేకు డిస్కుల మీద పల్చటి తుప్పు చూసి మాత్రం కంగారు పడొద్దు. ఈ ఊళ్లో ఒక్క రాత్రి బయట పెడితే ఏ కారుకైనా వస్తుంది, నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది.

టైర్లు కొత్తగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఈ కార్లు తిరిగేది తక్కువ. పక్కన అచ్చేసిన నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఆరేడేళ్లు దాటితే గాడులు ఎంత లోతుగా ఉన్నా మార్చాల్సిందే. ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

టాప్ మూడుసార్లు తీసి వేయించండి. ఒక్కసారి అందరూ వేసి చూపిస్తారు. మూడోసారి నీరసపడితే బ్యాటరీయో, హైడ్రాలిక్ ఆయిలో, మోటారో, ఏదో ఒకటి అయిపోవచ్చిందని అర్థం.

వేరే రాష్ట్రం కారైతే అక్కడి ఆర్‌టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి, పేరు మార్పుకి 29, 30 ఫారాలు కావాలి. ఒక రాష్ట్రం కారు ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలన్నది మోటారు వాహనాల చట్టంలోని రూలు. రోడ్ ట్యాక్స్ ఎంత పడుతుందో కనుక్కున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. ఖరీదైన బండ్లకి అది చిన్న మొత్తం కాదు. కారుకి 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా చూసుకోవాలి.

2. నీళ్ల దారి శుభ్రం చేయండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇది. ఎవరూ చేయనిదీ ఇదే. ఏడాదికి రెండుసార్లు: జూన్‌లో వానలు మొదలవకముందు ఒకసారి, సెప్టెంబరు చివర ఇంకోసారి. రెండోది అస్సలు తప్పించొద్దు. విశాఖకి గట్టి వానలు అక్టోబరులోనే.

టాప్ సగం తెరిచి ఆపండి. సగంలో ఆగని కార్లయితే పూర్తిగా తీయండి. డోరు వెనక, సీటు బెల్టు రీలు ఉండే చోట టార్చి వేసి చూస్తే కాలువ చివర చిటికెన వేలు పట్టేంత కన్నం కనిపిస్తుంది. మోడల్‌ని బట్టి చోటు కాస్త అటూఇటూ ఉంటుంది, కారు పుస్తకంలో బొమ్మ ఉంటే చూసుకోండి. ఆ కన్నంలో మన ఊళ్లో దొరికేవి వేప పూత, తురాయి రేకలు, బాదం ఆకు తునకలు, పాత ఊరి వైపు ఉండేవాళ్లకైతే పోర్టు నల్లదుమ్ము. ఇవన్నీ కలిసి తడిసి, ఆరి, మళ్లీ తడిసి, ఫిల్టరు అడుగున మిగిలిన కాఫీ పిప్పిలా అట్టకడతాయి.

పైన కనిపించే చెత్త వేళ్లతో తీసేయండి. లోపలికి తోయకండి. తర్వాత నైలాన్ తీగ చివర లైటరుతో కాస్త కరిగించి, మొన లేకుండా గుండ్రంగా చేసి, చేత్తో తిప్పుతూ నెమ్మదిగా దించండి. అడ్డం తగిలితే బలం పెట్టొద్దు, వెనక్కి లాగి మళ్లీ దించండి. కింద బయటికి వచ్చిందా సరే.

ఇప్పుడు పరీక్ష. గ్లాసెడు నీళ్లు సన్నటి ధారగా ఆ కన్నంలో పోయండి. ఒకరు కారు పక్కన వంగి, వెనక చక్రానికి ముందు భాగంలో నేల మీద చూడాలి. పోసిన కాసేపటికే ధారగా కారితే దారి తెరుచుకున్నట్టు. చుక్కలు చుక్కలుగా వస్తే సగమే తెరుచుకుంది, మళ్లీ తీగ పెట్టండి. పైన నీళ్లు దిగిపోయి, కింద ఏమీ రాకపోతే ఇంక పోయడం ఆపేయండి. గొట్టం లోపలెక్కడో ఊడిపోయి, ఆ నీళ్లు బాడీలోకి పోతున్నాయి. అది మెకానిక్ ప్యానెల్ విప్పి చూడాల్సిన పని. ఒకవైపు అయ్యాక రెండోవైపు. రెండిట్లో నీళ్లు దిగే తీరు ఒకేలా ఉండాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పు వాటర్ సర్వీసింగ్ షాపులో ఎయిర్ గన్ పెట్టించడం. అడ్డం పోతుంది నిజమే, దానితోపాటు లోపల గొట్టం జాయింటూ ఊడుతుంది. ఇనుప తీగ ఇంకా ప్రమాదం, గొట్టానికి కన్నం పెట్టేస్తుంది.

డోర్ల కింది అంచులో కూడా చిన్న కన్నాలుంటాయి, అగ్గిపుల్లతో ఒకసారి కదపండి. డోరు తీసినప్పుడు లోపల నీళ్లు గుడగుడమంటే అవి మూసుకుపోయినట్టు.

3. బీడింగ్‌లు చూసుకోండి

రబ్బరు బీడింగ్‌ని తడిగుడ్డతో తుడిచి, ఆరాక, వేలికి సిలికాన్ గ్రీజు రాసుకుని పల్చగా పట్టించండి. మెరుస్తూ కనిపించాలే గానీ చేతికి అంటుకోకూడదు. మూడు నెలలకోసారి చాలు. కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్, వాజెలిన్ రాయమని సలహాలిచ్చేవాళ్లుంటారు. ఇంజిన్ ఆయిల్, వాజెలిన్ రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తాయి. కొబ్బరినూనె జిడ్డుకి దుమ్మంతా అక్కడే చేరుతుంది.

పట్టు ఎలా ఉందో తెలుసుకోవాలంటే కాగితం ముక్క డోరు అద్దానికీ బీడింగ్‌కీ మధ్య పెట్టి మూసి లాగండి. కాస్త బిగువుగా రావాలి. సులువుగా జారిపోయిన చోట గుర్తు పెట్టుకోండి. అద్దం ఎక్కడెక్కడ తగులుతోందో చూడాలంటే బీడింగ్ మీద టాల్కం పౌడరు అద్ది, డోరు మూసి తెరవండి. అద్దం మీద తెల్లటి గీత తెగకుండా పడాలి. తెగిన చోటే మీ లీకు. చాలాసార్లు బీడింగ్ మార్చక్కర్లేదు, అద్దం సర్దితే సరిపోతుంది. కొత్త బీడింగ్ అంటూ బిల్లు చేతిలో పెట్టబోయే మెకానిక్‌కి ఈ గీత చూపించి మాట్లాడండి.

అయినా ఎక్కడినుంచి కారుతోందో తెలియకపోతే పైపుతో వెతకాలి. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి. బయటున్నవాళ్లు మామూలు కుళాయి ధారతో కిందినుంచి మొదలుపెట్టి పైకి రావాలి. డోరు కింద కాసేపు, అద్దం అంచు కాసేపు, చివరికి టాప్ ముందు అంచు. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తేలదు.

లోపల తడి దొరికితే కార్పెట్ ఎత్తి, కింద న్యూస్‌పేపర్లు పరిచి, నానగానే మారుస్తూ ఉండండి. టేబుల్ ఫ్యాన్ పెట్టండి. సెంటు డబ్బాలతో వాసన కప్పిపెట్టడం దండగ. మన ఉక్కపోతకి ఆ తడి దానంతటది ఆరదు, బూజు పడుతుంది.

4. టాప్ కడగడం

గుడ్డ టాప్ అయితే ముందు పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి, ఎప్పుడూ ఒకే వైపుకి, ముందునుంచి వెనక్కి. కాకి రెట్ట ఎండిపోయి ఉంటే గీకొద్దు, తడిగుడ్డ దాని మీద వేసి పావుగంట నాననిచ్చి ఎత్తేయండి. తర్వాత నీళ్లతో తడిపి, క్లీనరు నురగతో మెల్లగా బ్రష్షు చేసి, నురగ మొత్తం పోయేదాకా కడగాలి. నురగ మిగిలితే ఎండకి తెల్ల మరకలు పడతాయి. ఎండ నెత్తికెక్కాక ఈ పని పెట్టుకోకండి. నీడలో, పొద్దున్నే చేయండి.

పూర్తిగా ఆరాక, అంటే కనీసం అరపూట ఆగి, నీళ్లు పట్టని స్ప్రే పల్చగా కొట్టండి. స్ప్రే అద్దాల మీద, పెయింటు మీద పడితే వెంటనే తుడిచేయండి. పని చేసిందో లేదో తెలియాలంటే మర్నాడు నాలుగు చుక్కలు చల్లండి. ముత్యాల్లా నిలిస్తే బాగుంది. గుడ్డ నల్లబడి చుక్క ఇంకిపోతే ఇంకో పూత కావాలి.

బట్టల సబ్బు, గిన్నెల లిక్విడ్, బ్లీచింగ్ ఈ మూడూ టాప్ దగ్గరికి రానివ్వొద్దు. ప్రెషర్ గన్ కుట్లు విప్పేస్తుంది. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చేటట్టయితే టాప్ మీద గన్ పెట్టొద్దని కుర్రాడికి చెప్పి, పక్కనే నిలబడండి. చెప్పి కాఫీకి వెళ్లిపోతే లాభం లేదు.

పాత కార్లలో వెనక అద్దం బదులు పారదర్శక ప్లాస్టిక్ ఉంటుంది. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే గీతలే మిగులుతాయి. ముందు నీళ్లు పోసి, తర్వాతే చేయి పెట్టాలి.

5. ఉప్పు వదిలించడం

బీచ్ రోడ్డు మీద అలలు ఎగిసిపడే రోజు తిరిగొస్తే మర్నాటి దాకా ఆగొద్దు. మామూలు రోజుల్లో వారానికోసారి చాలు. పైన కడిగితే సరిపోదు. పైపు చక్రాల లోపలి వంపుల్లోకి, డోర్ల కింది అంచుకి, బంపర్ల వెనక్కి పట్టాలి. కడిగాక ఒక చిన్న రౌండు వేసి, రెండు మూడుసార్లు బ్రేకు నొక్కి, డిస్కులు ఆరాక పార్క్ చేయండి. తడి బ్రేకులతో హ్యాండ్‌బ్రేకు వేసి వారం వదిలేస్తే ప్యాడ్లు పట్టేసుకుంటాయి.

ఏడాదికోసారి లిఫ్ట్ మీద కింది భాగం చూపించి, పల్చబడిన చోట యాంటీ రస్ట్ పూత వేయించండి. పూతకి ముందు తుప్పు గీకి, ఆరబెట్టారో లేదో దగ్గరుండి చూడాలి. తడి మీద పూత వేస్తే తుప్పుని లోపల పెట్టి తాళం వేసినట్టే.

6. టాప్ తీయడం, వేయడం

చదునైన చోట ఆగండి. మన ఊళ్లో సగం వీధులు ఏటవాలే కాబట్టి ఈ మాట చెప్పాల్సొస్తోంది. బాడీ మెలిపడి ఉన్నప్పుడు టాప్ కదిపితే లాకు సరిగ్గా కూర్చోదు. ఇంజిను ఆన్‌లో ఉంచండి, లేకపోతే మోటారు బ్యాటరీని పీల్చేస్తుంది. పైన చెట్టు కొమ్మ, అపార్ట్‌మెంటు సెల్లార్ పైకప్పు తగలకుండా చూసుకోండి. జెడ్4, ఎస్ఎల్‌కేల గట్టి టాప్‌కయితే డిక్కీలో ఒక తెర ఉంటుంది. అది సరిగ్గా లాగి పెట్టకపోతే టాప్ కదలదు. ‘పాడైంది సార్, వేల రూపాయలవుతుంది’ అన్న మాట నమ్మేముందు ఆ తెర చూసుకోండి.

2018 తర్వాతి జెడ్4 టాప్ పది సెకన్లలో, 50 కిలోమీటర్ల వేగం లోపల నడుస్తూనే తెరుచుకుంటుంది. మినీకి 18 సెకన్లు, 30 లోపల. చేయగలదని చేయక్కర్లేదు. స్పీడ్ బ్రేకర్ మీదో గుంతలోనో పడ్డ క్షణంలో టాప్ గాల్లో ఉంటే కీళ్ల మీద పడే దెబ్బ మీరే భరించాలి.

తడి టాప్ మడవొద్దు. వాన వెలిసింది కదా అని వెంటనే తీస్తే మడతల్లో తడి చిక్కుకుని నల్ల చుక్కలుగా బూజు లేస్తుంది, అది మళ్లీ పోదు. తప్పక మడవాల్సొస్తే ఇంటికి రాగానే వేసి, అద్దాలు కాస్త దించి ఆరనివ్వండి. అలాగని నెలల తరబడి టాప్ మూసే ఉంచడమూ మంచిది కాదు. వానాకాలంలో కూడా పొడిగా ఉన్న రోజు చూసి నెలకి రెండుసార్లయినా కదపండి.

7. పార్కింగ్, కవరు, తుఫాను

కప్పు కింద చోటుంటే కవరే వద్దు. బయట పెట్టేవాళ్లు గాలి ఆడే గుడ్డ కవరు వేయాలి, అదీ కారు కడిగాకే. సముద్రపు గాలికి కవరు రెపరెపలాడుతుంటే కింద ఉన్న దుమ్ము పెయింటుని గీరేస్తుంది. కట్లు బిగించండి. తడిసిన కవరు కారు మీదే ఆరనివ్వకండి. చెట్టు నీడ ఎండకి మంచిదే, కాకపోతే నీళ్ల కాలువలు నిండేది అక్కడే. పిల్లులకి గుడ్డ టాప్ అంటే మహా ఇష్టం. వాచ్‌మన్‌ని కాస్త చూడమనండి.

ఈ కార్లు ఎత్తు తక్కువ. అడుగు గీసుకోకుండా సెల్లార్ ర్యాంపుల దగ్గర నేరుగా దిగకండి, కారుని కొద్దిగా ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రం దించండి. పెద్ద స్పీడ్ బ్రేకర్లకీ అంతే.

వాయుగుండం వార్త రాగానే చేయాల్సింది ఒకటే: కారుని సెల్లార్‌లోంచి, చెట్ల కిందినుంచి తీసేయడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో చెట్లన్నీ ఎలా కూలాయో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మల్టీలెవెల్ పార్కింగ్‌లో పై అంతస్తు, బంధువుల ఇంటి పోర్టికో, ఏదైనా ముందే మాట్లాడి పెట్టుకోండి. హెచ్చరిక వచ్చాక అందరూ అవే వెతుకుతారు.

ఇన్సూరెన్సులో ఒక మెలిక ఉంది. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్ భాగాలకి సగమే ఇస్తారు, ఫైబర్‌కి 30 శాతం కోస్తారు. టాప్ గుడ్డని ఏ లెక్కలో వేస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి. ఈ కోతలు తప్పించే జీరో డిప్రిసియేషన్, నీళ్లు చేరి ఇంజిను పాడైతే ఆదుకునే ఇంజిన్ ప్రొటెక్షన్ రెండూ ఈ ఊరికి అవసరమే. ఇంకొకటి: కారు కొన్న నెలలోపే ప్రీ వెడ్డింగ్ షూట్‌కి ఇస్తారా అని ఎవరో ఒకరు అడుగుతారు. స్నేహానికి ఇస్తే మీ ఇష్టం. డబ్బు తీసుకుంటే అది అద్దెకి తిప్పడమే, సొంత కారు పాలసీ దానికి వర్తించదు. పెళ్లికూతుర్ని టాప్ అంచున కూర్చోబెట్టి ఫొటోలు తీస్తామంటే మాత్రం స్నేహానికి కూడా ఒప్పుకోకండి. సన్నటి ఆ రేకు మనిషి బరువుకి చేసింది కాదు.

8. ఇక తిరగడం

మొదటిరోజుల్లో అందరూ బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్తారు, సుమారు పాతిక కిలోమీటర్లు. పొద్దున్న అటు వెళ్తే సూర్యుడు కుడివైపు ఎదురుగా కళ్లలో పడతాడు, సముద్రం అవతలి లేనుకి అవతల ఉంటుంది. అందుకని ఉదయాలు తిరగేసి చూడండి. హైవే మీద టాప్ వేసుకుని ఆనందపురం మీదుగా భీమిలి వెళ్లి, అక్కడ టాప్ తీసి, బీచ్ రోడ్డు మీద వెనక్కి రండి. ఎండ వీపు వైపు, సముద్రం మీ లేను పక్కనే. తొట్లకొండ, రుషికొండ మలుపుల దగ్గర వేగం తగ్గించండి. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే వాకర్ల కోసం కొంత రోడ్డు మూసేస్తారు కాబట్టి చివరి ముక్కకి వేరే వీధి చూసుకోండి. ఎర్రమట్టి దిబ్బల్లోకి కారు దించాలన్న ఆలోచన వద్దు. అవి కాపాడుకోవాల్సిన దిబ్బలు, పైగా ఆ మెత్తటి ఎర్రదుమ్ము టాప్ కీళ్లలో దూరితే వదలదు.

గాలి సుడి తగ్గాలంటే అద్దాలు పైకి ఎత్తి, సీట్ల వెనక విండ్ డిఫ్లెక్టరు (గాలిని ఆపే తెర) పెట్టండి. మాటలు వినిపిస్తాయి, జుట్టు కళ్లలో పడదు. టోపీ గాలికి ఎగిరిపోతుంది, చెవుల దాకా బిగించేది తెచ్చుకోండి. సన్‌స్క్రీన్ చెవులకీ మెడకీ కూడా రాయండి. మబ్బు పట్టినా రాయండి. గాజువాక, ఎన్ఏడీ, కాన్వెంట్ జంక్షన్ వైపు లారీల మధ్య టాప్ తీయడం అంటే పొగ గొట్టానికి ముక్కు పెట్టడమే, అక్కడ వేసేయండి. బీచ్‌లో మురీ మిక్చర్ కొనుక్కుంటే కారు బయట తినండి. మరమరాలు సీటు పట్టాల్లోంచి ఏరడం చాలా విసుగు పని.

అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. టాప్ తీయాల్సింది అక్కడే. నిండా నీడ, కాఫీ తోటలు, లారీలు తక్కువ. మీ కారు ఎత్తు తక్కువ కాబట్టి మలుపులో ఎదురొచ్చే బస్సు డ్రైవరుకి మీరు కనిపించరు. లైట్లు వేసి ఉంచండి, ప్రతి మలుపులో హారన్ కొట్టండి. పైకి ఎక్కే బండికి దారివ్వడం ఘాట్ రూలు. దిగేటప్పుడు గేరు తగ్గించి దిగండి, బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే మధ్యలో కాలిన వాసన వస్తుంది. వస్తే ఆగి చల్లారనివ్వండి, డిస్కుల మీద నీళ్లు పోయకండి.

డిసెంబరు, జనవరి ఉదయాల్లో అరకులో చలి పది డిగ్రీల లోపలికి పోతుంది. వెనక ప్లాస్టిక్ అద్దం ఉన్న కారైతే ఆ చలిలో టాప్ మడిస్తే అద్దం విరగొచ్చు. ఎండెక్కాకే మడవండి. రాత్రి మంచు కురిసి గుడ్డ తడిగా ఉన్నా అంతే. గాజు అద్దమై, గుడ్డ పొడిగా ఉంటే టాప్ తీసి, హీటరు కాళ్ల వైపు పెట్టి, మఫ్లరు చుట్టుకుని బయల్దేరండి. ఇలాంటి కారు కొన్నదే ఆ గంట కోసం.

బొర్రా గుహల దగ్గర మాత్రం టాప్ వేసి, అద్దాలన్నీ ఎత్తే పెట్టాలి. కోతులు గుంపులుగా ఉంటాయి, లోపల చిప్స్ ప్యాకెట్ కనిపించిందంటే గుడ్డ టాప్‌ని గోళ్లతో పీకి చూస్తాయి. తినేవన్నీ డిక్కీలో పెట్టి తాళం వేయండి. ఇద్దరు వెళ్లి ఉంటే ఒకరు గుహలు చూసొచ్చేదాకా ఇంకొకరు కారు దగ్గరే ఉండండి. ఒక్కరే వెళ్తే పార్కింగ్ కుర్రాడికి యాభై ఇచ్చి, కోతి టాప్ ఎక్కితే తరమమని చెప్పి వెళ్లండి.